కొండ ఊరి పంటకు ఏ వ్యాన్ సరిపోతుంది? పాచిపెంట రైతులు కొనే ముందు చూడాల్సినవి

పాచిపెంట మండలంలో పండే జీడిపిక్కలు, చింతపండు, పసుపు, చోడి, కూరగాయలు సాలూరు, రామభద్రపురం వైపు చేరాలంటే చాలా ఊళ్లకు అద్దె వ్యానే దిక్కు. బండి దొరకని రోజు కోసిన కూరగాయ వాడిపోతుంది, లేదా ఊరికి వచ్చిన వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చేయాలి. అందుకే సొంతంగా గానీ, నలుగురు కలిసి గానీ లోడు వ్యాన్ కొందామనే ఆలోచన వస్తుంది. అడిగే మొదటి మాట మాత్రం ‘ఏ కంపెనీది మంచిదండీ?’ అని. అది చివర అడగాల్సిన ప్రశ్న. ఎంత బరువు, ఏ దారి, ఏడాదికి ఎన్ని ట్రిప్పులు అన్నవి ముందు తేల్చుకోవాలి.

బరువు లెక్క

ప్రతి బండి ఆర్సీలో ఖాళీ బరువు, లోడుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు రాసి ఉంటాయి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే ఆ బండి మోయగల బరువు. డ్రైవరు, పక్కన కూర్చున్న రైతు, తాళ్లు, బరకాలు, ఖాళీ క్రేట్లు కూడా అందులోకే వస్తాయి.

టాటా ఏస్ తరగతి చిన్న బండి సుమారు 750 కిలోలు మోస్తుంది. ఇద్దరు మనుషులకు 130 కిలోలు తీసేస్తే మిగిలేది 620. అంటే 80 కిలోల జీడిపిక్కల బస్తాలు ఏడు మాత్రమే. బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ లాంటివి రకాన్ని బట్టి టన్నుంపావు నుంచి టన్నున్నర, కొన్ని ఆపైన కూడా మోస్తాయి. టన్నున్నర బండిలో అవే బస్తాలు పదిహేడు పడతాయి. టమాటా అయితే క్రేటుతో కలిపి 27 కిలోల చొప్పున యాభై క్రేట్లు వెళ్తాయి. ఏస్‌లో రెండు మూడు ట్రిప్పుల పని ఒక్క ట్రిప్పులో అయిపోతుంది.

పత్తి, కాలీఫ్లవర్ లాంటివాటి సంగతి వేరు. బరువు సరిపోకముందే తొట్టి నిండిపోతుంది. షోరూముకు వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లి తొట్టి పొడవు, వెడల్పు కొలిచి, మీ క్రేట్లు వరుసకు ఎన్ని పడతాయో చూడండి. పూర్తిగా మూసి ఉండే పెద్ద వ్యాన్లు చోడిపిండి, పసుపుపొడి లాంటి ప్యాకింగ్ సరుకును వాన తగలకుండా పట్నం చేర్చడానికి బాగుంటాయి. పచ్చి కూరగాయలకు వద్దు, లోపల ఉక్కకు పాడవుతాయి. మన రైతుకు తెరిచిన తొట్టి, పైన బరకం చాలు.

సాలూరు లారీల ఊరు కాబట్టి బాడీ కట్టేవారికి కొదవలేదు. వ్యాన్‌కు ఎత్తు బాడీ కట్టించుకోవాలని అందరికీ ఉంటుంది. కానీ అదనంగా వేసిన ప్రతి కిలో ఇనుమూ మీరు ఎక్కించగలిగే పంటలో కిలో తగ్గిస్తుంది. మార్పును ఆర్సీలో నమోదు చేయించాలి కూడా.

ఇక ఓవర్‌లోడు. జరిమానా 20,000 రూపాయలు, అదనంగా ఉన్న ప్రతి టన్నుకు మరో 2,000. ఘాట్‌లో అయితే జరిమానా కంటే ముందు బ్రేకులు సమాధానం చెబుతాయి.

మీ ఊరి దారి

తారురోడ్డు మీద అన్ని బండ్లూ బాగానే నడుస్తాయి. మీ బండిని పరీక్షించేది ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న చివరి రెండు మూడు కిలోమీటర్లు. కొనే ముందు డెమో బండిని మీ ఊరికి రమ్మనండి. ఖాళీగా తిప్పితే ఏమీ తెలియదు. బస్తాలు ఎక్కించి, ఎక్కువ వాలు ఉన్నచోట ఆపి, మళ్లీ కదిలించి చూడండి. క్లచ్ వాసన వస్తే, వెనక్కి జారితే ఆ బండి మీ దారికి చాలదు. పికప్‌లలో ఎక్కువ వాటికి వెనక చక్రాలే తిరుగుతాయి కనుక, ఖాళీ బండి వానాకాలం మట్టి ఎత్తుల మీద జారుతుంది. దారి అంత కష్టమైతే నాలుగు చక్రాలూ తిరిగే పికప్ గురించి అడగండి. ధర, నూనె ఖర్చు ఎక్కువే, అవసరం లేనివారు దాని జోలికి పోవద్దు.

ఎత్తులకు లోడుతో వెళ్లాలంటే నా ఓటు డీజిల్‌కే. సీఎన్‌జీకి ఖర్చు తక్కువ, కానీ మీరు రోజూ తిరిగే దారిలో బంకు ఉందా అన్నది ముందు చూడాలి.

పి.కోనవలస ఘాట్ మీదుగా సుంకి, కోరాపుట్ వైపు తిరిగేవారు డ్రైవరుకు ఒకటి గట్టిగా చెప్పండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. నూనె మిగులుతుందని న్యూట్రల్ చేస్తే భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కిపోతాయి. ఇంజిన్ ఆపేస్తే బ్రేకుకు అందే సాయం కూడా పోతుంది.

కిస్తీ కట్టగలమా?

ఇక్కడే కుటుంబాలు చిక్కుకునేది. ఉదాహరణకు 8 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే నెల కిస్తీ సుమారు 17,400. బీమా, టైర్లు, రిపేర్లకు నెలకు 5,000 పక్కన పెట్టాలి. డీజిల్, డ్రైవరు పోను ట్రిప్పుకు 600 మిగిలితే నెలకు 38 ట్రిప్పులు తిరిగితేనే ఖర్చు సరిపోతుంది, ఇంటికి అప్పటికి రూపాయి రాలేదు. చింతపండు, జీడి కాలంలో తిరుగుతుంది సరే, జులై నుంచి సెప్టెంబరు దాకా ఏం ఎక్కిస్తారు? దానికి జవాబు కాగితం మీద రాసుకోలేకపోతే అద్దె బండే మేలు. పదిమంది కలిసి కొంటే ట్రిప్పులు దొరుకుతాయి, కానీ ఎవరి లోడు ముందు, రిపేరు ఎవరు పెట్టుకోవాలి అన్నవి కొనకముందే తీర్మానం రాసుకుని సంతకాలు చేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కొటేషన్‌లో అది చూసుకోండి.

కాగితాలు

మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. అందుకే కొన్ని పికప్‌లు ఆ హద్దుకు కాస్త లోపలే ఉంటాయి. హద్దు దాటితే పర్మిట్ తీసుకోవాలి, ఒడిశాకు వెళ్తే నేషనల్ పర్మిట్. లైట్ మోటార్ లైసెన్సుతో 7,500 కిలోలలోపు రవాణా బండి నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. కొత్త బండికి రెండేళ్ల తరువాత ఎఫ్‌సీ, ఆపై ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, తరువాత ఏటా చేయించాలి.

సంతకో పెళ్లికో తొట్టిలో జనాన్ని ఎక్కించడం మన వైపు మామూలైపోయింది. బీమా వర్తించేది సరుకు యజమానికి, లేదా ఆయన పంపిన మనిషికి. అదీ ఆర్సీలో ఉన్న సీట్ల మేరకే. మిగతావారికి ఏమైనా అయితే పరిహారం బండి యజమాని మీద పడవచ్చు. బంధువులే అడిగినా కాదనండి.

పాత బండి కొనేవారు ముందుగా నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి కమాన్ కట్టలు, ఛాసిస్‌పై వెల్డింగ్ అతుకులు చూపించండి. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోవాలి. పరివాహన్ యాప్‌లో ఎఫ్‌సీ, బీమా, చలాన్లు చూడండి. ఆర్సీలో ఫైనాన్స్ నమోదు ఉంటే అప్పు తీరిందని ఫైనాన్స్ వారు ఇచ్చే ఫారం 35 కావాలి. పేరు మార్పుకు 29, 30 ఫారాల మీద అమ్మినవారి సంతకం తీసుకోండి. ఈ మూడూ చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.