పైకి బాగానే ఉన్న పడవ

దువ్వాడ స్టేషన్లో దిగి మా ఇంటికొచ్చే చుట్టాలు ఏడాదిన్నరగా అడుగుతున్న మొదటి ప్రశ్న ఒకటే: "ఇక్కడ పడవేంటి?" అడగాల్సిన ప్రశ్నే. సముద్రం మాకు దగ్గరే గానీ కనపడదు, మధ్యలో స్టీల్‌ప్లాంటు ఉంది. మా పెరట్లో మాత్రం నాలుగు ఇనప స్టాండ్ల మీద పదహారడుగుల ఫైబర్ స్పీడ్‌బోటు ఉంది. తెల్లటి ఒళ్ళు, పక్కన ఎర్రటి చార.

అది మా బావది. పనిచేస్తున్న కంపెనీ మూతపడ్డాక చేతికొచ్చిన పీఎఫ్ డబ్బుల్లో సగం పెట్టి దాన్ని పాత సామాన్ల కింద కొన్నాడు. బాగుచేసి అమ్ముదామని ఆలోచన. అక్క మూడు వారాలు మాట్లాడలేదు.

నాకు పడవల గురించి తెలిసింది పుస్తకాల్లోదే. అందుకే బావ నన్ను పిలిచి అయిదు రూపాయల బిళ్ళ చేతిలో పెట్టి, "అడుగంతా కొట్టుకుంటూ పో, చప్పుడు విను" అన్నప్పుడు నవ్వొచ్చింది. ముందు భాగమంతా టక్ టక్‌మంది. మధ్యకొచ్చేసరికి తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు మెత్తటి చప్పుడు. ఇంజిను తగిలించే వెనక పలక దగ్గరా అంతే. బావ అక్కడ డ్రిల్లుతో చిన్న బెజ్జం పెట్టాడు. టీ డికాషన్ రంగు నీళ్ళు కారాయి, పుట్టగొడుగుల వాసనతో. పైన పెయింటు మీద ఒక్క గీత లేదు.

ఫైబర్ పడవ చీకిపోవడమేంటని నాకు అప్పుడు అర్థం కాలేదు. గాజు చీకదు, రెజిన్ చీకదు. చీకేది ఆ రెండు పొరల మధ్య దాచిన చెక్క.

అసలు చెక్క ఎందుకు పెడతారు? ఉక్కు ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇది చెప్పడం సులువు. ఐ-బీమ్‌ని చూడండి. బరువు మోసేది పైనా కిందా ఉన్న అడ్డపట్టీలు, మధ్యలో నిలువు పట్టీ వాటిని దూరంగా పట్టి ఉంచుతుంది. పలక మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కానీ ఆ మందమంతా గాజు, రెజిన్‌తోనే నింపితే పడవ బరువెక్కిపోతుంది, ఖర్చూ పెరుగుతుంది. అందుకని పైన పల్చటి ఫైబర్ పొర, కింద ఇంకో పొర, మధ్యలో తేలికైన చెక్క. 1940లో గాల్లోకి లేచిన బ్రిటిష్ యుద్ధవిమానం మస్కీటో ఈ సూత్రంతో కట్టిందే: బయటా లోపలా ప్లైవుడ్, మధ్యలో బాల్సా. 1942లో అమెరికాలోని ఒహాయోలో రే గ్రీన్ గాజునార, పాలియెస్టర్ రెజిన్‌తో చిన్న పడవ చేశాడు. ఈ రెండు దారులూ తర్వాత బోటు యార్డుల్లో కలిశాయి.

బాల్సాతో ఇంకో కథ కూడా ఉంది. 1947లో థోర్ హెయెర్‌డాల్ బాల్సా దుంగలు తాళ్ళతో కట్టిన కాన్-టికీ మీద పెరూ నుంచి పసిఫిక్ దాటడానికి బయల్దేరినప్పుడు, అవి నీళ్ళు పీల్చి మునిగిపోతాయని చాలామంది హెచ్చరించారు. 101 రోజులు తేలాయి. అప్పుడే నరికిన పచ్చి దుంగలు కాబట్టి లోపలి జీవరసం నీళ్ళని లోనికి రానివ్వలేదని ఆయన రాసుకున్నాడు. దుంగల్ని తాళ్ళతో కట్టడం మన తీరానికి కొత్త కాదు. ఇంగ్లీషులోని 'కాటమరాన్' తమిళ కట్టుమరం నుంచి పోయిన మాటే, అంటే కట్టిన మాను. మనం తెప్ప అంటాం.

తెప్ప సంగతి నాకు సరిగ్గా చెప్పింది, బావకి రెజిన్ పని నేర్పడానికొచ్చిన కుర్రాడి తాత. జాలరిపేట మనిషి. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, కోసిన చోట వేలు పెట్టి చూసి అడిగాడు. "ఏటి బాబూ, దీనికి గాలెక్కడ ఆడతాది?"

మా దగ్గర జవాబు లేదు. ఆయనే చెప్పాడు. "మా తెప్పయితే ఏటకెళ్ళొచ్చీసి తాడిప్పీసీవోలం. దుంగలు ఇసకలో ఎండబెట్టీసీవోలం. కర్ర నీరు తాగతాది. తాగనీ. మల్లీ కక్కించీయాల, అంతే."

నా మటుకు నాకు పడవల చరిత్రలో అసలు విషయం అదే అనిపించింది. ఈ తీరంలో పాత పడవలు చాలా విప్పడానికి వీలుగా కట్టినవే. 1933లో విశాఖ ఓడరేవు తెరిచేదాకా ఇక్కడ ఓడలు దూరంగా లంగరేసేవి. అలాంటి రేవుల్లో అలల్ని దాటి సరుకు ఒడ్డుకి చేర్చింది మసూలా పడవలు. మేకు అన్నది లేకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవాళ్ళు. అల కొడితే కుట్టు కాస్త సాగేది గానీ పలక పగిలేది కాదు. తాడు పాడైతే విప్పి మళ్ళీ కుట్టుకోవడమే. నీళ్ళు లోపలికి రావని వాళ్ళెప్పుడూ అనుకోలేదు. వస్తాయనే అనుకుని కట్టారు.

ఫైబర్ దీనికి తలకిందులు. నీళ్ళు రావనే నమ్మకం మీదే కట్టింది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. నేరుగా ఒడ్డుకి దిగే ఇంజిను పడవల మీద ప్రయోగాలు చేసింది. తెప్పకి పనికొచ్చే తేలిక దుంగలు అప్పటికే కరువవుతున్నాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఫైబర్ తీరమంతా పాకింది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత సాయంగా పంచిన పడవల్లోనూ ఎక్కువ అవే.

అది దండగ అనడానికి నాకు మనసొప్పదు. నేను ఆ మాటకి దగ్గరగా వస్తుంటే తాతే ఆపాడు. "తెప్పమీద నడుందాకా తడిసీవోలం బాబూ. ఫైబరొచ్చినాకే మా నడుములు బతికినాయి." గట్టున కూర్చుని పాతవే మంచివనడం తేలికే మరి.

కానీ ఫైబర్‌కి తనదైన కష్టాలున్నాయి. 2023 నవంబర్‌లో ఫిషింగ్ హార్బర్‌లో ఒక రాత్రి అంటుకున్న మంటకి పదుల సంఖ్యలో మరపడవలు కాలిపోయాయి. పాలియెస్టర్ రెజిన్ పెట్రోలియం బిడ్డ, అంటుకుంటే ఆగదు. కాలకుండా మిగిలితే ఇంకో చిక్కు, మట్టిలో కలవదు. ముసలిదైన తెప్ప పొయ్యిలోకి పోయేది. ముసలిదైన ఫైబర్ పడవ ఇసకలో బోర్లా పడుంటుంది, ఏళ్ళ తరబడి.

మా పడవలోకి నీళ్ళెలా వెళ్ళాయో విప్పాక తెలిసింది. పెద్ద దెబ్బేమీ తగల్లేదు. సీటు బిగించడానికి ఎవరో పెట్టిన నాలుగు స్క్రూలు. బెజ్జం చుట్టూ చెక్కని మూయకుండా వదిలేశారు. ప్రతి వానకీ ఒక్కో చుక్క. లోపలికెళ్ళిన నీటికి బయటికి దారి లేదు, చెక్కకి ఎండే అవకాశం లేదు. బూజుకి అంతకన్నా ఏం కావాలి?

పని మూడు నెలలు పట్టింది. లోపలి పొరని గ్రైండర్‌తో పలకలుగా కోసి తీశాం. చీకిన ప్లైవుడ్‌ని గరిటెతో తోడాం, నల్లటి బురదలా వచ్చింది. మిగిలినదాన్ని ఎండలో వారాల తరబడి ఆరబెట్టాం. కొత్త ప్లైవుడ్ ముక్కల అంచులకి ముందే ఎపాక్సీ తాగించాం. పాత ఫైబర్‌ని పట్టుకోవడంలో పాలియెస్టర్ కన్నా ఎపాక్సీ నమ్మకమైనది, ఖరీదూ ఎక్కువే. అతుకు అంచుని నిలువుగా వదలకుండా, మందానికి పన్నెండు రెట్ల పొడవున ఏటవాలుగా అరగదీశాం. మే నెల ఎండకి రెజిన్ కలిపిన మగ్గులోనే గట్టిపడిపోయి పొగలు కక్కింది. గాజుధూళికి చేతులు రాత్రంతా దురద. అక్క అప్పటికి మాట్లాడుతోంది, కొబ్బరినూనె సీసా ఇచ్చేంతవరకైనా.

చివర్లో బావ ఒక పని చేశాడు. కొత్త ఫ్లోరులో మూడు చోట్ల గుండ్రంగా కోసి, తిప్పి తీసే ప్లాస్టిక్ మూతలు పెట్టాడు. అడుగున నీళ్ళు చేరాయో లేదో చెయ్యిపెట్టి చూసుకోవడానికి, ఎండలో తెరిచి ఉంచడానికి. తాత మాట ఆయన మర్చిపోలేదన్నమాట.

మొన్న ఒకాయన బేరానికొచ్చాడు. పడవ నచ్చింది. మూతలే నచ్చలేదు. "ఇవి చూస్తే లోపల ఏదో లోపం ఉన్నట్టుంటుంది. మూసేసి సాపుచేసి ఇవ్వండి, ఇంకో ఇరవై వేలు వేస్తాను" అన్నాడు. మాకు ఆ ఇరవై వేలు తక్కువేం కాదు. పీఎఫ్‌లో మిగిలిన సగం కూడా చాలావరకు ఎపాక్సీ డబ్బాల్లోకే పోయింది.

బావ లోపలికెళ్ళి అక్కని అడిగాడు. బయటికొచ్చి, "లోపల ఉన్నది చెక్కేనండీ, చూసుకుంటూ ఉండాలి. మూయను" అన్నాడు. ఆయన ఫోన్ చేస్తానని వెళ్ళాడు. ఇంకా చెయ్యలేదు. పొద్దున్నే మూడు మూతలూ తెరవడం, సాయంత్రం మంచు పడకముందే మూసెయ్యడం ఇప్పుడు నా పని.