ధర్మపురికిని పట్టణమునకును నడుమ దూరము



హైదరాబాదు ఎంత దూరమని నేడు ధర్మపురిలో నెవరినైన నడిగినచో "ఆరు గంటలు" అని బదులు వచ్చును. మన ముత్తాతల నడిగియుండినచో "పది దినములు" అని చెప్పియుందురు. ఊరు కదలలేదు, దక్షిణముఖముగా పారు గోదావరియు కదలలేదు. కొలత మాత్రమే మారినది. ఆ మార్పే నేటి నా ప్రసంగవిషయము.

పూర్వము మనవారు బాటను కోసులతోను, ఆమడలతోను లెక్కించెడివారు. కోసన రమారమి రెండు మైళ్లు. నాలుగు కోసులొక ఆమడ. ధర్మపురి నుండి జగిత్యాల, కరీంనగరము, సిద్దిపేటల మీదుగా హైదరాబాదునకు సుమారు 150 మైళ్లు, అనగా దాదాపు 240 కిలోమీటర్లు. ఎడ్లబండి దినమునకు పండ్రెండు, పదునైదు మైళ్లకంటె నడువజాలదు. ఎడ్లకు నీరు, మేత, రాత్రికి బస చూచుకొనవలెను. వాగు పొంగినచో అది తీయువరకు ఒడ్డుననే పడిగాపులు కాయవలెను.

ఈ కాలమును మొదట తగ్గించినది రైలు. 1874లో సికిందరాబాదునకు రైలు వచ్చెను. 1929 నాటికి కాజీపేట నుండి బల్హార్షా వరకు మార్గము పూర్తియయ్యెను. పెద్దపల్లికో, గంగ దాటి మంచిర్యాలకో బండి తోలుకొని పోయినవాడు రైలెక్కి పట్టణము చేరగలిగెను. 1932లో నిజాము రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. క్రమముగా బస్సు పల్లెలకును ప్రాకెను, దినములు గంటలైనవి.

ఇక ఆకాశమార్గము. 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థ హైదరాబాదున నేర్పడెను. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసెను. పటముపై తిన్నగా గీత గీసినచో ధర్మపురికిని హైదరాబాదునకును నడుమ సుమారు 185 కిలోమీటర్లే. గంటకు 500 కిలోమీటర్లు పోవు విమానమున కది అరగంట పని కూడ కాదు. కాని ధర్మపురిలో విమానము దిగు చోటు లేదు. కావున పట్టణమునకు పోవువానికి రోడ్డే గతి. విమానము దూరదేశగామికే అక్కరకు వచ్చును.

ఆ దూరదేశగాములు మన జగిత్యాల ప్రాంతమున తక్కువవారు కారు. దుబాయి మొదలగు గల్ఫు దేశములకు కూలికై పోయిన బిడ్డలు లేని ఊరు అరుదు. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరువబడెను. అచటినుండి దుబాయి సుమారు 2,500 కిలోమీటర్లు. పయనము నాలుగు గంటలు. శంషాబాదు నుండి ధర్మపురి చేరుటకో ఆరు గంటలకు పైబడును. సముద్రము దాటుటకంటె ఇల్లు చేరుటకే ఎక్కువ ప్రొద్దు పట్టుచున్నది!

ఇంతటితో లెక్క ముగియదు. తండ్రి మంచము పట్టినాడను కబురు కొడుకునకు క్షణములో చేరును. కాని యజమాని సెలవీయవలెను; పాస్‌పోర్టు చేతికి రావలెను; టిక్కెట్టునకు సొమ్ము కూడవలెను. ఈ మూటిలో నొకటి తప్పినను నాలుగు గంటల దూరము నాలుగు వారములగును. గంగ ఒడ్డున కర్మకు వేళ మించిన పిదప వచ్చిన కొడుకుల దుఃఖము మనమెరుగనిది కాదు.

కావున పెద్దలారా, బిడ్డను పంపునాడు జీతమెంతయని మాత్రమే విచారింపకుడు. సెలవెప్పుడిత్తురు, తిరుగు ఖర్చెవరిది, పాస్‌పోర్టెవరి చేతనుండును అనియు ముందే విచారింపుడు. మైళ్లను యంత్రము తగ్గించినది. ఈ దూరమును తగ్గించుట మన ముందుచూపు వలననే కావలెను.