పాలమూరు, నల్లగొండ మండలములలో క్రైస్తవ మతస్వీకారము: త్యాగము, ఫలము

తెలుగునాట క్రైస్తవ మతవ్యాప్తిని గూర్చి వ్రాయువారి దృష్టి సాధారణముగా ఒంగోలు, నెల్లూరు, గుంటూరు ప్రాంతములమీదనే నిలుచును. కృష్ణకు ఉత్తరమున నిజాము రాజ్యములోని మిట్టనేలలు, అనగా నల్లగొండ, మహబూబునగరము మండలములు, ఆ కథకు అనుబంధముగా మాత్రమే పేర్కొనబడుచుండును. ఇందు మరియొక లోపము కలదు. ఈ వ్రాతలలో త్యాగమను మాట తరచుగా విదేశమునుండి వచ్చిన బోధకులకే చెల్లినది. స్వదేశమును విడిచివచ్చుట త్యాగమే, కాదనము. కాని మతము స్వీకరించిన మాల మాదిగ వాడలు ఏమి వదలుకొన్నవి, ప్రతిగా ఏమి పొందినవి అను లెక్కను తీసి చూచినవారు తక్కువ. ఈ వ్యాసమున మేము ఆ లెక్కనే చూడదలచితిమి.

ముందుగా కొంత పూర్వకథ అవసరము. అమెరికను బాప్టిస్టు మిషను 1875లో సికింద్రాబాదునందును, 1885లో పాలమూరునందును స్థానముల నేర్పరచుకొనెను. పాలమూరు మహబూబునగరమైన 1890లోనే అబ్రహాము ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో పని ప్రారంభించిరి. వీరు అమెరికనులు కారు. నాటి దక్షిణ రష్యాలో, అనగా నేటి ఉక్రెయిన్ దేశములో, నివసించుచుండిన జర్మను భాషీయులగు మెన్నోనైట్ బ్రదరన్ సంఘమువారు. ఆయుధము పట్టరాదను నియమమును కాపాడుకొనుటకై తరతరములుగా దేశములు మారిన జనమునకు చెందినవారు. సూర్యాపేట, జనగామ స్థానములు తరువాత వచ్చినవి. 1917 నాటి రష్యా విప్లవముతో అచ్చటి ధనసహాయము తెగిపోయెను. ఈలోగా అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరనులు 1899 నుండి వేరుగా బోధకులను పంపి, నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ మున్నగుచోట్ల స్థిరపడిరి. 1937లో బాప్టిస్టులు మహబూబునగరము, గద్వాల క్షేత్రములను వీరికే అప్పగించిరి. ఈ బోధకుల నివేదికలు పెక్కు జర్మను భాషలో అచ్చయినవి. రాజ్యపు దస్తరములు ఉర్దూలో నున్నవి. కనుక నల్లగొండ క్రైస్తవ చరిత్రను వ్రాయబూనిన తెలుగు పరిశోధకుడు ముందు రెండు పరభాషలు నేర్వవలసియుండును!

ఇక వదలుకొన్నదానిని గూర్చి. గ్రామములో మాదిగకు నిర్ణీతమైన పనులుండెను. చచ్చిన పశువును మోసికొనిపోవలెను. తోలు పదును చేయవలెను. మోటకు తోలుబొక్కెన, రైతుకు చెప్పులు కుట్టియీయవలెను. జాతరకును చావునకును డప్పు కొట్టవలెను. ప్రతిగా కళ్లమువద్ద మేర, చచ్చిన పశువు మాంసము, కొన్నియెడల కొంచెము ఇనాము భూమి లభించెడివి. మాలకు కబురు మోయుట, బరువు మోయుట మొదలగు పనులుండెను. వీనికి తోడు దొరకును, పటేలు పట్వారీలకును, పర్యటనకు వచ్చిన అధికారులకును వెట్టి చేయవలెను. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘమువారు, వారిలో ముఖ్యముగా మాడపాటి హనుమంతరావుగారు, ఈ వెట్టిచాకిరినే ప్రధాన సమస్యగా గ్రహించి ప్రచారము సాగించిరి.

ఈ యేర్పాటులో ఒక పోగును లాగినచో నేత యంతయు కదలును. ఒంగోలు ప్రాంతమున క్లౌదొర కాలమునుండి కొత్తగా చేరువారికి మూడు నియమములు చెప్పబడుచుండెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య వంటి తొలి విశ్వాసులు ఈ నియమములను మోసికొని వాడవాడ తిరిగిరి. చదువుటకు ఇవి మూడు చిన్న మాటలు. కాని మాంసము వద్దన్నవానిని పశువును మోయువిషయమై రైతు సందేహించును. విగ్రహారాధన మానినవాడు జాతరలో డప్పు ఎట్లు కొట్టును? డప్పు కొట్టనివానికి మేర ఏల ఈయవలెనని పటేలు అడుగును. ఆదివారము వెట్టికి రాననుట దొరతనమునకే ఎదురాడుట. మతవిషయమైన నియమము ఒక్కొక్కటియు ఈ విధముగా కూటివిషయమై కూర్చున్నది. మేర పోయినచో అప్పు, అప్పు పెరిగినచో జీతగాని బ్రతుకు తప్పవు. వాడకు వాడయే మతము మార్చుకొనుటకు బంధుత్వమొక్కటే కారణము కాదనియు, రెండిండ్లను వెలివేయగల పటేలు వాడనంతటిని విడిచి వ్యవసాయము నడుపలేకుండుటయు ఒక కారణమనియు మా యభిప్రాయము. నియమమును సడలించుకొని డప్పును, ప్రార్థనను రెండింటిని సాగించినవారును ఉండకపోలేదు. వారిని దూషించుట చరిత్రకారుని పని కాదు.

గంజికొరకు మతము మార్చుకొనిరను మాట ఇచ్చట విచారింపవలెను. 1876-78 కరవులో క్లౌదొర బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను. ఆ కాలమునందే అతడు బాప్తిస్మములను నిలిపివేసెను. కరవు సహాయము ముగిసినపిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆశ లేదని మేము చెప్పము. ఆకలిగొన్నవానికి ఆశ దోషమును కాదు. కాని గంజి దొరకునంతకాలము దొరకని బాప్తిస్మమును, గంజి ఆగినపిదప కోరి వచ్చినవారి నేమందుము? మేరను పోగొట్టుకొన్న పాలమూరు మాదిగకు ఈ యాక్షేపము మరింత అన్వయింపదు.

భాషావిషయము నొకదానిని ఇచ్చట స్మరింపదగును. క్రొత్తనిబంధన గ్రీకు మూలమున కూలివాని వేతనమునకును, హింసలు సహించినవానికి పరలోకమున లభించుదానికిని వాడబడినది ఒకటే మాట. తెలుగు అనువాదకులు మొదటిచోట జీతమనియు, రెండవచోట ఫలమనియు వ్రాసిరి. ఇది తెలిసి చేసినదో, సహజముగా కుదిరినదో గాని, తెలంగాణమున మంచిపనియే జరిగినది. ఈ మిట్టనేలలలో జీతమనగా అప్పునకు కట్టుబడి దొరయింట సంవత్సరముల తరబడి చేయు భగేలా చాకిరియే. 1936లో నిజాము ప్రభుత్వము భగేలా ఒప్పందములమీద నిబంధనలు చేయవలసివచ్చినంతగా అది పాతుకొనియుండెను. పరలోకమున గొప్ప జీతము కలదని చెప్పినచో పాలమూరు శ్రోత ఏమని తలచియుండునో ఊహింపవచ్చును.

ఈ లోకమున పొందిన ఫలమన్నచో అందు ముఖ్యమైనది అక్షరము. ఉర్దూ బోధనాభాషగా నున్న రాజ్యములో, పూరిపాకలోనైనను, తెలుగు చదువు వాడకు వచ్చినది. పురుషోత్తమ చౌదరి మొదలగువారి కీర్తనలు చదువురానివారి నోటికి వచ్చి, తరువాత పుస్తకమును తెరిపించినవి. స్త్రీలకు చదువు చెప్పిన బైబిలు స్త్రీల కృషిని గూర్చి ప్రత్యేకముగా వ్రాయవలసియున్నది. వైద్యము రెండవది. 1907లో వచ్చిన డాక్టరు కాథరీనా షెల్లెన్‌బర్గు 1945లో శంషాబాదులోనే మరణించెను. తరువాత జడ్చర్లలో వైద్యాలయము వెలసినది. ఆదివారము మూడవది. వారమున కొకదినము తనదని చెప్పుకొనగలుగుట వెట్టివానికి చిన్న సంగతి కాదు. భూమి మాత్రము రాలేదు. మాల మాదిగల నడుమ పంక్తిభేదమును పూర్తిగా పోలేదు.

స్వాతంత్ర్యానంతరము లెక్క తారుమారైనది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరించినది గాని క్రైస్తవులకు రాలేదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1970లో వీరిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా చేర్చి నూటికి ఒక వంతు కేటాయించెను. తెలంగాణ రాష్ట్రమున కూడ ఆ వర్గము కొనసాగినది. తాత డప్పును, మేరను వదలుకొనగా, మనుమడు కులధ్రువపత్రమును వదలుకొనవలసివచ్చెను. సంఘపు పట్టీలో ఒక పేరును, పాఠశాల పట్టీలో వేరొక పేరును కలవారు ఈ మండలములలో నుండుటకు కారణమిదియే. తాత చచ్చిన పశువును మోయుట మానినను ఊరు వానిని మాదిగ యనుట మానలేదు. ఉత్తరువు మాత్రము మనుమనిని మాదిగ కాదనుచున్నది. ఈ విషయమును విచారించుటకు కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో న్యాయమూర్తి కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది.