బయ్యారం ఇనుప ఖనిజం

బయ్యారం ఇనుప ఖనిజ నిక్షేపాలు తెలంగాణ రాష్ట్రంలో, పూర్వపు ఖమ్మం జిల్లా అటవీ ప్రాంతంలో ఉన్నాయి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో బయ్యారం, గార్ల మండలాలు ఖమ్మం నుండి విడిపోయి మహబూబాబాద్ జిల్లాలో చేరాయి. ఈ ఖనిజాన్ని ఎవరు తవ్వాలి, ఏ ప్రాంతపు కర్మాగారానికి తరలించాలి, ఆ నేలపై ఆదివాసులకు గల హక్కు ఏమిటి అనే ప్రశ్నలు రాష్ట్ర రాజకీయాలలో దీర్ఘకాలం చర్చనీయాంశాలుగా నిలిచాయి.

ప్రాంత విశేషాలు

భద్రాచలం, పాల్వంచ, ఇల్లందు అడవుల మీదుగా విస్తరించిన ఈ భూభాగంలో కోయలు ప్రధాన ఆదివాసీ తెగ. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలమ త్రవ్వించిన బయ్యారం చెరువు, ఆ చెరువు శాసనం చరిత్రకారులకు సుపరిచితాలు. సమీపంలోనే సింగరేణి బొగ్గు గనులు కలవు. బొగ్గు, ఇనుము ఒకే ప్రాంతంలో లభించడం వల్ల ఇక్కడ ఉక్కు పరిశ్రమ నెలకొల్పాలనే కోరిక బలపడింది. పాల్వంచలో 1975లో స్థాపించబడిన స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ 1980లో ఉత్పత్తి ప్రారంభించింది. 2010లో ఈ సంస్థ ఎన్.ఎం.డి.సి.లో విలీనమైనది.

చట్టపరమైన నేపథ్యం

షెడ్యూల్డు ప్రాంతాలలో భూమి గిరిజనేతరుల పరం కాకుండా 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు నిరోధిస్తాయి. 1970లో వచ్చిన సవరణ (ప్రజల వాడుకలో "1/70 చట్టం") వీటిని మరింత కఠినతరం చేసింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు "సమతా" కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు సంస్థలకు గనుల లీజుకు ఇవ్వరాదు. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ లేదా గిరిజనుల సహకార సంఘాలు తవ్వకాలు జరుపవచ్చును. విశాఖపట్నం జిల్లా బొర్రా పరిసరాల లీజులపై వచ్చిన ఈ తీర్పు బయ్యారానికి కూడా వర్తిస్తుంది.

లీజు వివాదాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009-10 ప్రాంతంలో ఇక్కడి ఖనిజాన్ని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా రక్షణ స్టీల్స్ అనే ప్రైవేటు సంస్థకు సరఫరా చేసే ఏర్పాటు తీవ్ర విమర్శలకు గురైంది. లీజు ప్రభుత్వ సంస్థ పేరిట ఉన్నప్పటికీ లాభం ప్రైవేటు వారికి చేరుతుందని విమర్శకులు వాదించారు. తరువాత ఆ ఏర్పాటు రద్దయింది.

2013లో ప్రభుత్వం ఈ ఖనిజాన్ని విశాఖ ఉక్కు కర్మాగారానికి కేటాయించింది. సొంత ఇనుప గనులు లేని విశాఖ కర్మాగారం ముడిఖనిజానికి ప్రధానంగా బైలదిల్లాపై ఆధారపడుతుంది. అయితే తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ కాలంలో ఈ నిర్ణయానికి తీవ్ర వ్యతిరేకత ఎదురైంది. 1966 నాటి "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" నినాదానికి ప్రతిగా "బయ్యారం ఉక్కు తెలంగాణ హక్కు" అనే నినాదం వినిపించింది.

ఉక్కు కర్మాగార ప్రతిపాదన

2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 13వ షెడ్యూలు, ఖమ్మం జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం ఏర్పాటుకు గల సాధ్యాసాధ్యాలను ఆరు నెలలలో పరిశీలించవలసిందిగా సెయిల్ సంస్థను ఆదేశించింది. చట్టం కోరినది పరిశీలన మాత్రమే గాని నిర్మాణం కాదు. అదే సంవత్సరం సెయిల్ సమర్పించిన ప్రాథమిక నివేదిక కర్మాగారం లాభసాటి కాదని పేర్కొన్నది. 2016లో కేంద్రం కార్యదళాన్ని నియమించినది.

ఇందుకు ముఖ్య కారణం ఖనిజ నాణ్యత. బైలదిల్లా ఖనిజంలో ఇనుము 60 శాతానికి మించి ఉండగా బయ్యారం ఖనిజం తక్కువ శ్రేణికి చెందినది. దీనిని శుద్ధి చేసి ఇనుము శాతం పెంచవలసి ఉంటుంది. అందుకు అదనపు వ్యయము, నీరు, వ్యర్థాలను నిల్వచేసే స్థలము అవసరం. అందుచేత బైలదిల్లా నుండి ఖనిజం తెచ్చి కర్మాగారం నడపాలని తెలంగాణ ప్రభుత్వం కోరింది.

ఆదివాసుల ప్రయోజనాలు

సమతా తీర్పు, గనుల ద్వారా వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి శాశ్వత నిధిగా ఉంచాలని సూచించింది. 2015 గనుల చట్ట సవరణ జిల్లా ఖనిజ నిధులను ఏర్పరచింది. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభలకు ప్రాధాన్యం ఇచ్చాయి. ఖనిజం ఏ ప్రాంతానికి చెందాలనే చర్చ సాగినంతగా, గ్రామసభల సమ్మతి గురించిన చర్చ ఎన్నడూ ముందుకు రాలేదు. అడవి తరిగిన తరువాత ఉపాధి ఎవరికి లభిస్తుందనేది ఇక్కడి కోయ గ్రామాలకు మౌలికమైన ప్రశ్న.

ఇవి కూడా చూడండి

బైలదిల్లా
సింగరేణి గనులు
విశాఖ ఉక్కు కర్మాగారం