గుమ్మడికాయకు కళ్ళు పెట్టిందెవరు?

అక్టోబరు మొదటి వారం. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటి గుమ్మంలో నారింజరంగు గుమ్మడికాయ కూర్చుని ఉంది. "దిష్టికా?" అన్నాను. "కాదమ్మా, చంటాడికి" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే మా రెండేళ్ళ మనవడు స్టిక్కర్ల అట్ట ఈడ్చుకుంటూ వచ్చాడు. ఒక కన్ను తీసి కాయ అడుగున అంటించాడు. రెండోది తన మోకాలికి.

మన దిష్టి గుమ్మడికీ దీనికీ చుట్టరికం దూరం. బూడిద గుమ్మడి ఆసియా కాయ. ఒంటినిండా బూడిద కనకే సామెతలోని దొంగ భుజాలు తడుముకున్నాడు. ఈ నారింజ కాయ ఎత్తుకెళ్ళినవాడికి ఆ బెంగ లేదు. దీని పుట్టిల్లు మెక్సికో. అక్కడ ఒహాకా ప్రాంతపు గుహలో దొరికిన ఈ జాతి గింజలు సుమారు 10,000 ఏళ్ళనాటివి. మనం పులుసు పెట్టుకునే తీపి గుమ్మడిదీ ఈ కుటుంబమే. కొలంబస్ తరవాతే అది సముద్రం దాటి మన పొయ్యి మీదికొచ్చింది.

కాయ మెక్సికోది, ముఖం మాత్రం ఐర్లండుది. అక్కడ అది టర్నిప్ దుంప మీద ఉండేది. పంటలు ఇంటికొచ్చి చలి మొదలయ్యే అక్టోబరు 31 రాత్రి, అంటే హాలోవీన్ నాడు, చచ్చినవాళ్ళు తిరుగుతారని నమ్మకం. దుంపను తొలిచి, కోరల ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేవారు. దెయ్యాన్ని మోసం చేసి, స్వర్గానికీ నరకానికీ కాకుండా పోయి, నిప్పుకణిక చేతపట్టి తిరిగే జాక్ అనేవాడి కథ దానికి తోడైంది. కానీ ఈ దీపపు ముఖానికి పేరైన 'లాంతరు జాక్' అనే మాటను 17వ శతాబ్దంలోనే ఇంగ్లండులో రాత్రి కాపలావాడికీ, బురదనేలల మీద ఆడే వెలుగుకీ వాడేవారు. మన కొరివిదెయ్యమేనన్నమాట. ఐర్లండులో కాసిల్‌బార్ దగ్గరి జాతీయ మ్యూజియంలో డోనెగాల్ నుంచి వచ్చిన ఒక టర్నిప్ ముఖానికి ప్లాస్టర్ అచ్చు ఉంది. ఫొటోలో చూస్తేనే నాకు గుండె జారింది. పిల్లల ముందు పెట్టే వస్తువు కాదు.

1845 కరువు తరవాత ఐరిష్ వలసజనం అమెరికా చేరి, దుంప వదిలి గుమ్మడి పట్టుకున్నారని అందరూ చెబుతారు. అందులో సగమే నిజమనుకుంటాను. మసాచుసెట్స్ కవి విటియర్ 1807లో పుట్టాడు. గుమ్మడి మీద రాసిన పద్యంలో, చిన్నప్పుడు దానికి ముఖం చెక్కి లోపల కొవ్వొత్తి పెట్టిన సంగతి తలుచుకున్నాడు. అదీ హాలోవీన్ ఊసు లేకుండా, థాంక్స్‌గివింగ్ పండగ సందర్భంలో! పొలంలో కాయ, చేతిలో చాకు ఉన్న కుర్రాడికి ఇంకొకరు నేర్పాలా?

మసాచుసెట్స్ రైతు హౌడెన్ 1960ల్లో ముఖం చెక్కడానికే పనికొచ్చే రకం తయారుచేశాడు. పట్టుకోడానికి వీలైన గట్టి తొడిమ, అమరికగా గాళ్ళు. తినడానికి మాత్రం నీళ్ళూ పీచూ. కాయ మారినా కత్తి మారలేదు. ఇప్పటికీ పిల్లల డాక్టర్లు చెప్పేది ఒకటే: ముఖం పిల్లలు గియ్యాలి, కోత పెద్దవాళ్ళు కొయ్యాలి.

కత్తి లేని గుమ్మడికి మూలపురుషుడు, నా లెక్కలో, బంగాళదుంప. 1952లో హాస్‌బ్రో 'మిస్టర్ పొటాటో హెడ్' అని ఒక పెట్టె అమ్మింది. అందులో దుంప ఉండదు. సూదిమొనలున్న కళ్ళూ ముక్కూ మీసాలూ ఉంటాయి, వంటింట్లో దుంప మనం వెతుక్కోవాలి. ఆ మొనలు పిల్లలకు గుచ్చుకుంటాయన్న గొడవతో 1964లో ప్లాస్టిక్ దుంప వచ్చింది. ఇవాళ గుమ్మడికి గుచ్చే ముక్కుచెవుల పెట్టెలు దాని మనవలే. రెండేళ్ళవాడికి అవీ వద్దు.

ఎందుకంటే ఆ వయసులో చెయ్యి ఎక్కడికెళ్ళినా చివరికి నోటికే. అమెరికాలో 1980 నుంచి మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకు గొట్టం పరీక్ష ఉంది. సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పూర్తిగా దూరిపోయే ముక్క ఆ బొమ్మలో ఉండకూడదు. మా అమ్మాయి టాయిలెట్ పేపర్ అట్టగొట్టంతో ఇంట్లోనే ఆ పరీక్ష చేసింది. కదిలే కళ్ళు, పూసలు, ముత్యాలు అన్నీ దూరిపోయి చెత్తబుట్టకెళ్ళాయి. కొవ్వొత్తి బదులు తెచ్చిన బ్యాటరీ దీపాన్ని తిరగేసి, మూతకు మర ఉందా లేదా చూసింది. బొత్తాం బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. కొవ్వొత్తి కంటే నాకు అదే ఎక్కువ భయం.

మిగిలింది తేలికే. కాయను సబ్బునీళ్ళతో కడిగి పొడిగుడ్డతో తుడిచింది, తడి ఉంటే స్టిక్కరు నిలవదు. నేలమీద పాత దుప్పటి పరిచి, కడిగితే పోయే రంగు పళ్ళెంలో పోసి, స్పాంజి ముక్క వాడి చేతికిచ్చింది. మొదటి దెబ్బ కాయకు, రెండోది నా చీరకు. కొయ్యని కాయ కాబట్టి కుళ్ళలేదు. చెక్కిన పక్కింటి కాయ వారానికే బుగ్గలు లోపలికి పోయి ముసలిదయింది.

నెలాఖరుకు ఒకరోజు పొద్దున్న చూస్తే, ఉడుత ఎప్పుడొచ్చిందో, కాయకు ముందువైపు ఇంత బొక్క కొరికేసింది. మా అమ్మాయి అయ్యో అంది. వాడు మాత్రం బొక్క ముందు గొంతుకూర్చుని, వేలు చూపించి, "నోలు!" అన్నాడు.