పిన్‌బాల్ యంత్రం

వాలుగా నిలబెట్టిన బల్ల మీద, గాజు పలక కింద, ఒక ఉక్కు గుండును కిందికి జారిపోనివ్వకుండా వీలైనంతసేపు నిలబెట్టే ఆట పిన్‌బాల్. నాణెం వేస్తే ఆడుతుంది. గుండు వ్యాసం సుమారు 27 మిల్లీమీటర్లు, బరువు 80 గ్రాములు. అమెరికాలో, అందులోనూ చికాగోలో పెరిగి పెద్దదైన ఈ ఆటను ఒక తగువు దశాబ్దాల పాటు వెంటాడింది: ఇది అదృష్టమా, చేతి నేర్పా?

పేరులోని ‘పిన్’ అంటే మేకు. 18వ శతాబ్దపు ఫ్రాన్సులో ఆడిన బాగాటెల్ దీనికి మూలం. చెక్క పలక మీద మేకుల మధ్య నుంచి గోళీలను జారవిడిచే పిల్లల ఆట మన బజార్లలోనూ దొరికేది. అదీ ఈ వంశానిదే. సిన్సినాటిలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ 1871లో స్ప్రింగు ప్లంజర్‌కు పేటెంటు తీసుకున్నాడు. పిడిని వెనక్కి లాగి వదిలితే గుండు పైకి దూసుకుపోతుంది. ఆపైన దాని దారి మేకుల ఇష్టం, ఆటగాడి చేతిలో ఏమీ ఉండదు.

1931లో డేవిడ్ గాట్లీబ్ తెచ్చిన ‘బాఫుల్ బాల్’ ఈ కోవదే. ధర 17.50 డాలర్లు. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు పోయిన జనానికి చిల్లర డబ్బుతో దొరికే వినోదం కాబట్టి 50 వేలకు పైగా అమ్ముడుపోయింది. ఈ యంత్రాలు అమ్ముకునే రేమండ్ మలోనీకి కావలసినన్ని దొరక్కపోవడంతో సొంతంగా ‘బాలీహూ’ చేయించాడు. అతని బాలీ కంపెనీకి ఆ పేరు దాన్నుంచే వచ్చింది. బల్లను కుదిపి గెలిచేవాళ్లకు పగ్గం వేయడానికి హ్యారీ విలియమ్స్ 1930లలో ‘టిల్ట్’ కనిపెట్టాడు. ఇనుప వలయం మధ్య వేలాడే చిన్న లోలకం అది. మితిమీరి కుదిపితే వలయానికి తగులుతుంది, ఆట ఆగిపోతుంది.

కొన్ని యంత్రాలు గెలిచినవాళ్లకు డబ్బులిచ్చేవి. అక్కడే చిక్కొచ్చింది. 1942 జనవరిలో న్యూయార్క్ నగరం పిన్‌బాల్‌ను జూదంగా లెక్కగట్టి నిషేధించింది. మేయర్ లగార్డియా స్వయంగా సమ్మెట పట్టి యంత్రాలు పగలగొట్టాడు. వాటిని తయారుచేసే చికాగోలో కూడా నిషేధం దశాబ్దాల పాటు నడిచింది.

అసలు మలుపు 1947లో వచ్చింది. గాట్లీబ్ కంపెనీలో హ్యారీ మాబ్స్ రూపొందించిన ‘హంప్టీ డంప్టీ’కి ఆరు ఫ్లిప్పర్లు, పక్కకు మూడేసి. పెట్టె పక్కన బొత్తాం నొక్కితే కాయిల్‌లో విద్యుత్తు పారి ఫ్లిప్పర్ అనే చిన్న చెయ్యి లేచి గుండును తంతుంది. ఆ చేతులు బలహీనం, ఒక్క తాపుకు గుండు పైదాకా పోయేది కాదు. అయినా జారిపోతున్న గుండును ఆటగాడు వెనక్కి తిప్పగలగడం అదే మొదలు. మరుసటి ఏడాది జెంకో కంపెనీలో స్టీవ్ కోర్డెక్ ‘ట్రిపుల్ యాక్షన్’ చేశాడు. ఫ్లిప్పర్లు రెండే చాలనుకుని, వాటిని బల్ల అడుగున పెట్టి, డైరెక్ట్ కరెంటుతో బలం పెంచాడు. ఇప్పటికీ యంత్రాలు ఇంచుమించు ఆ పోలికలోనే వస్తున్నాయి. పిన్‌బాల్‌కు ప్రాణం పోసింది నా లెక్కన ఈ రెండు యంత్రాలే.

1950, 60లలో ఆడినవారి జ్ఞాపకాల్లో బొమ్మల కన్నా చప్పుళ్లే ఎక్కువ. అప్పటి యంత్రాల్లో కంప్యూటర్ చిప్పులు లేవు. పెట్టె లోపల రిలేలు టకటకమనేవి, అంకెల చక్రాలు గిరగిరా తిరిగేవి, పాయింటు పాయింటుకూ గంట మోగేది. ఉచితంగా ఇంకో ఆట గెలిస్తే లోపలి కడ్డీ చెక్కను ‘ఠప్’మని కొట్టేది. ఆ దెబ్బ వినగానే చుట్టూ ఉన్నవాళ్లందరి తలలూ తిరిగేవి. గుండును ఫ్లిప్పర్ మీద ఆపి, ఊపిరి బిగబట్టి, ఎప్పుడు వదలాలో చూసుకునే ఆ అర క్షణం అనుభవించినవాడు దీన్ని జూదమంటే ఒప్పుకోడు.

న్యూయార్క్ పెద్దలను ఒప్పించడానికి మాత్రం 1976 దాకా పట్టింది. పత్రికా రచయిత రోజర్ షార్ప్ నగర సభ కమిటీ ఎదుట యంత్రం మీద ఆడి చూపించాడు. చివర్లో, గుండు పైన మధ్య దారిలోంచే దిగుతుందని ముందే చెప్పి ప్లంజర్ లాగి వదిలాడు. అలాగే దిగింది. నిషేధం పోయింది. ఫ్లిప్పర్లు తెచ్చిన ఆటను గెలిపించిన ఆ ఒక్క దెబ్బ రెడ్‌గ్రేవ్ నాటి స్ప్రింగుదే కావడం ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

1970ల చివర్లో రిలేల స్థానంలోకి చిప్పులు వచ్చాయి. 1979లో ‘గోర్గార్’ అనే యంత్రం మాట్లాడింది. వీడియో గేముల పోటీని తట్టుకుని, 1992లో ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ 20 వేలకు పైగా అమ్ముడుపోయింది. 1999లో విలియమ్స్ కంపెనీ ఈ వ్యాపారం నుంచి తప్పుకుంది.

అసలు యంత్రాన్ని తాకని తెలుగువాళ్లలో చాలామందికి పిన్‌బాల్ పరిచయమైంది విండోస్ ఎక్స్‌పీలోని ‘స్పేస్ క్యాడెట్’తోనే. ఇంటర్నెట్ సెంటర్లో జెడ్ మీట ఎడమ ఫ్లిప్పర్, స్పేస్ బార్ ప్లంజర్. బల్లను కుదపడానికీ మీటలున్నాయి. గుండు జారిపోతోందన్న కంగారులో వాటిని అతిగా నొక్కితే తెర మీద ‘టిల్ట్’ అని పడేది, ఫ్లిప్పర్లు చచ్చుబడేవి.