ఉక్కు ఊళ్లో థర్మాకోల్ రెక్కలు

రేడియోతో నడిచిన తొలి మోడల్ విమానాలు బుల్లివి కావు. 1930ల చివర్లో అమెరికాలోని కలమజూ పట్టణంలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు తయారుచేసిన 'గఫ్' రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి ఎనిమిది అడుగులు. సరదాకి కట్టిన సైజు కాదది. వాల్వుల రేడియోనీ దాని బ్యాటరీలనీ మోయాలంటే అంత రెక్క కావాల్సి వచ్చింది. ఇప్పుడది స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. 1957 జూన్ 30న ఇంగ్లండ్‌లో కల్నల్ టాప్లిన్ ఎలక్ట్రిక్ మోటారుతో ఎగరేసిన 'రేడియో క్వీన్' కూడా పెద్దదే.

ఇవాళ ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ లాంటి ఊళ్లో ఎవరైనా ఇంటి వెనక వరండాలో రెండున్నర మీటర్ల రెక్కల విమానం కడుతున్నారంటే లెక్క తిరగబడింది. బరువు మోయడానికి కాదు, కుదురుగా ఎగరడానికి ఆ సైజు. ఈ మధ్యలో మారినవి రెండే రెండు: రెక్క దేనితో చేస్తున్నారు, రేడియో ఏ తరంగాల మీద మాట్లాడుతోంది.

భిలాయ్ పుట్టుకే భారీ వస్తువుల కోసం. 1955లో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు తొలి లక్ష్యం. రైలు పట్టాల వల్ల భిలాయ్ పేరు దేశమంతా తెలుసు. రాయ్‌పుర్–విజయనగరం రైలు మార్గం అప్పటికే, 1931లోనే, పూర్తయింది కాబట్టి ఉత్తరాంధ్ర వాళ్లకి ఇది అందని దూరమేమీ కాలేదు. అటు నుంచి వచ్చిన కుటుంబాలు ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్లలో స్థిరపడ్డాయి. ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు ఉన్న కాలనీలో పనిముట్లకి కొదవుండదు, మిల్లీమీటరు తేడాని కంటితో పట్టేవాళ్లకీ కొదవుండదు.

ప్లాంటు కట్టడానికి వచ్చిన సోవియట్ నిపుణుల దేశంలో మోడల్ విమానమంటే ఆటవస్తువు కాదు, చదువులో భాగం. పిల్లల కోసం నడిపే పయనీర్ ప్యాలెస్‌లలో దానికోసం ప్రత్యేక తరగతులుండేవి. తర్వాత యాక్ యుద్ధవిమానాలకు రూపమిచ్చిన యాకోవ్లెవ్ కూడా బడిపిల్లాడిగా మోడల్ గ్లైడర్‌తోనే మొదలుపెట్టాడు. మనవైపు ఆ పని 1950లో మొదలైన ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ చేసింది.

నేర్పేవాళ్లున్నా సరుకు దొరకడమే కష్టం. రెక్కలకి వాడే తేలికైన బాల్సా కర్ర దక్షిణ అమెరికాది. ఇంజిన్, రేడియో విదేశాలవి, మీద దిగుమతి సుంకం. కలకత్తాలోని ఇండియాస్ హాబీ సెంటర్ లాంటి ఒకటి రెండు దుకాణాలే దిక్కు. హౌరా–ముంబై లైను మీదున్న ఊరు కాబట్టి భిలాయ్ కుర్రాడికి రైలైతే సులువే. జేబులో డబ్బే చాలేది కాదు. ఉద్యోగి నెల జీతం మింగేసే రేడియోని తొలి ఎగురుడులోనే నేలకి కొట్టే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అందుకే చాలామంది రబ్బరు పురి తిప్పే విమానం దగ్గరో, చేత్తో విసిరే గ్లైడర్ దగ్గరో ఆగిపోయేవారు.

ఆ చిక్కు విప్పింది థర్మాకోల్. జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీలో ఫ్రిట్జ్ స్టాస్ట్నీ 1949లో పాలీస్టైరీన్ పూసలని ఉబ్బించే పద్ధతి కనిపెట్టాడు. బాల్సా ఘనమీటరు సుమారు 150 కిలోలు తూగితే మామూలు థర్మాకోల్ 15 నుంచి 20 కిలోలే. దానికి ముడిసరుకైన స్టైరీన్ బెంజీన్ నుంచి వస్తుంది. భిలాయ్ కోక్ ఓవెన్ల ఉప ఉత్పత్తుల్లో, బెంజీన్ ఉండే బెంజాల్ ఒకటి. అక్కడి బెంజీనే ఈ షీట్లలో చేరుతుందని కాదు, చుట్టరికం ఉందని.

చెయ్యి తిరిగింది మాత్రం పండగ పందిళ్ల దగ్గర. గణేశ, దుర్గ మండపాలకు అక్షరాలూ తోరణాలూ కోసేవాళ్లు వాడుతూ వచ్చిన వేడి నైక్రోమ్ తీగే రెక్కనీ కోస్తుంది. దిమ్మకి రెండు చివర్లా ప్లైవుడ్ అచ్చులు బిగించి, ధనుస్సుకి కట్టిన తీగని ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఒకే వేగంతో లాగాలి. ఒకరు తొందరపడితే రెక్క మెలిపడుతుంది. అందుకే అంకెలు పైకి లెక్కపెడుతూ కోస్తారు. పొడవునా అల్యూమినియం గొట్టమో కార్బన్ కడ్డీయో దూర్చి, పైన ఫెవికాల్ నీళ్లతో బ్రౌన్ పేపర్ అతికిస్తే రెక్క గట్టిపడుతుంది. జిగురు దగ్గర జాగ్రత్త: రబ్బరు సొల్యూషన్ రకాలు థర్మాకోల్‌ని కరిగించేస్తాయి.

రెండో మార్పు గాలిలోది. పాత 27 మెగాహెర్ట్జ్ సెట్లలో తరంగాన్ని నిర్ణయించే క్రిస్టల్ నంబరు ఒకటే అయిన రెండు ట్రాన్స్‌మిటర్లు మైదానంలో ఆన్ అయితే ఒకరి విమానం కూలడం ఖాయం. భారత ప్రభుత్వం 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్స్ మినహాయించింది. అదే ఏడాది అదే బ్యాండ్‌లో పనిచేసే హాబీ రేడియోని స్పెక్ట్రమ్ కంపెనీ తెచ్చింది. లిథియం పాలిమర్ బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు కూడా ఇంచుమించు అదే కాలంలో చవకయ్యాయి.

ఇక సైజు. రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల రెక్క, నలభై సెంటీమీటర్ల వెడల్పు, మొత్తం బరువు నాలుగు కిలోలు అనుకుందాం. చదరపు డెసీమీటరుకి 42 గ్రాములు పడుతుంది. అలాంటిది గంటకి దాదాపు 27 కిలోమీటర్ల వేగం దగ్గర కూడా గాలిలో నిలబడుతుంది. అంటే సైకిల్ జోరుగా తొక్కే వేగం. దూరంగా ఉన్నా ఏ వైపు ఒరిగిందో కంటికి తెలుస్తుంది. చిన్న విమానం గాలి విసురుకి ఎండుటాకులా కొట్టుకుపోయేచోట ఇది కాస్త ఊగి సర్దుకుంటుంది.

భిలాయ్ సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి జనవరి ఉదయం కన్నా పదో వంతు పలచన. అదే విమానం అప్పుడు గంటకి ఒకటిన్నర కిలోమీటర్లు ఎక్కువ వేగంతో దిగాలి, ప్రొపెల్లర్ లాగుడూ తగ్గుతుంది. మూసిన కారులో పెట్టిన రెక్క వేడికి వంగుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. అందుకే తొలి ఎగురుడుకి చలికాలం తెల్లవారుజామే మంచిది.

ఆ రోజు ఎక్కువ సమయం నేల మీదే గడుస్తుంది, గడవాలి కూడా. రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య రెండు వేళ్లు ఆనించి ఎత్తితే విమానం సమంగా నిలవాలి. ముక్కు కొంచెం వాలినా ఫర్వాలేదు, తోక వాలితే మాత్రం ఎగరెయ్యకూడదు. వెనక నిలబడి స్టిక్ కుడికి నొక్కితే కుడి రెక్క వెనకంచున కదిలే పలక, అంటే ఐలరాన్, పైకి లేవాలి. ఇది తారుమారైతే నేలనొదిలిన కొన్ని క్షణాల్లోనే కథ ముగుస్తుంది. తర్వాత ట్రాన్స్‌మిటర్ శక్తి తగ్గించి ముప్పై అంగల దూరం నడిచి, పలకల్ని కదిలించే సర్వోలు స్పందిస్తున్నాయో లేదో చూస్తారు. గాలికి ఎదురుగా లేపి, ఎత్తు అందాక మోటారు తగ్గించి ట్రిమ్ సరిచేస్తారు. విన్యాసాలన్నీ మరోరోజుకే.

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ 25 కిలోల లోపు మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నాయి. సరదాకో చదువుకో, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరెయ్యాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాటకూడదు. ఎగరేసేముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోవాలి. మరో నిబంధన పందిళ్ల వైపు నుంచి వచ్చింది. 2022 జూలై 1 నుంచి అలంకరణ థర్మాకోల్‌ని దేశమంతా నిషేధించారు, మండపాల దగ్గర మిగిలే ముక్కలు అరుదైపోయాయి. ఫ్రిజ్ ప్యాకింగ్‌కి ఆ నిషేధం లేదు, అయితే అందులో వంపులెక్కువ. కోల్డ్ స్టోరేజీ గోడలకి వాడే దిమ్మలే రెక్కకి నయం: పూసలు దగ్గరగా అతుక్కుని ఉంటాయి, తీగ ఎక్కడా తట్టుకోకుండా సాగుతుంది.